విజయనగరం నుంచి గేమింగ్ కన్వెన్షన్‌కి పాత సరుకు పట్టుకెళ్లి అమ్మడం ఎలా, మొదటి నుంచి చివరి దాకా

అటక మీద బోర్డ్ గేమ్స్, బీరువాలో పోకెమాన్ కార్డుల బైండర్లు, ఆడేసిన పీఎస్4 (ప్లేస్టేషన్ 4) గేమ్ డిస్కులు, ప్యాక్ కూడా విప్పని హాట్ వీల్స్ కార్లు పేరుకుపోయి, ఇంట్లో వాళ్లు రోజూ "ఇవెప్పుడు తీస్తావురా" అని అడిగే స్టేజ్‌కి వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నా. విజయనగరం, శ్రీకాకుళంలో ఉన్నవాళ్లకి ఏటంటే కొనేవాళ్లు ఊళ్లో పెద్దగా దొరకరు, దొరికినవాళ్లు కూడా మన ఫ్రెండ్సే, వాళ్లు ఆ గేమ్ మన ఇంట్లోనే వచ్చి ఆడేస్తారు ఇక కొనడం దేనికి. అందుకే గుంపుగా కొనేవాళ్లు ఉండే చోటికి మనమే వెళ్లాలి, అంటే ఎక్కువసార్లు హైదరాబాద్, మాదాపూర్ హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్ లాంటి కన్వెన్షన్లు, అంటే కామిక్స్, గేమ్స్ పిచ్చోళ్లంతా ఒక చోట చేరే పెద్ద మేళాలు, లేదా వైజాగ్‌లో కేఫుల్లో పెట్టే చిన్న చిన్న గేమింగ్ మీట్లు.

ఆన్‌లైన్‌లో సలహాలు ఇచ్చేవాళ్లు చాలామంది ఈవెంట్ ఉన్న ఊళ్లోనే ఉంటారు. వాళ్లకి అమ్ముడుపోనిది కారు డిక్కీలో వేసుకుని ఇంటికి పోవడమే. మనకి అలా కుదరదు, అమ్ముడుపోని ప్రతి పెట్టె మళ్లీ రాత్రంతా రైల్లో మోసుకురావాలి. కాబట్టి ఏది పట్టుకెళ్లాలి, ఎంత రేటు పెట్టాలి, ఎప్పుడు తగ్గించాలి అనేవన్నీ తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే ఉంటాది.

1. ముందు కేజీ లెక్క వెయ్యండి

అమ్మాలనుకున్నవన్నీ నేల మీద పరిచి ఒక్కోదాన్ని తూకం వెయ్యండి, ఇంట్లో వంటింటి కాటా ఉన్నా చాలు. పక్కనే దానికి ఎంత రావచ్చో రాసుకోండి. ఇప్పుడు కేజీకి ఎంత పడుతుందో చూస్తే విషయం మీకే అర్థమైపోతుంది. మంచి పోకెమాన్ కార్డులు ఒక బైండర్ నిండా ఉంటే అది కేజీ కూడా ఉండదు, కానీ టేబుల్ మీద అన్నింటికన్నా ఎక్కువ డబ్బులు తెచ్చేది అదే. పీఎస్4 డిస్కులు, నింటెండో స్విచ్ గేమ్ క్యాట్రిడ్జ్‌లు, ప్యాక్‌లో ఉన్న హాట్ వీల్స్, చిన్న పెట్టె గేమ్స్ ఇవన్నీ కేజీ లెక్కలో బాగా గిట్టుబాటు అవుతాయి. కాటాన్, టికెట్ టు రైడ్ లాంటి మామూలు బోర్డ్ గేమ్ సైజు పెట్టెలు పర్వాలేదు. గ్లూమ్‌హేవెన్ లాంటి భారీ బోర్డ్ గేమ్ ఒక్కటే దాదాపు 9 కేజీలు ఉంటుంది, దాన్ని కొనేవాడు ముందే దొరికి అడ్వాన్స్ ఇస్తేనే రైలెక్కించండి, లేకపోతే వద్దు.

కేజీ లెక్కలో ఓడిపోయినవి ఇక్కడే తేల్చెయ్యండి. మన వైపు ఇంజనీరింగ్ కాలేజీల ఫెస్టుల్లో గేమింగ్ స్టాల్ పెట్టే కుర్రాళ్లు ఉంటారు, వాళ్లకి పాత మోనోపలీ, క్యారమ్ కాయిన్లు, పాత కంట్రోలర్లు లాంటివి తక్కువకి ఇచ్చేస్తే సంతోషంగా తీసుకుంటారు. మిగిలినవి వీధిలో గుంటపిల్లలకి ఇచ్చెయ్యండి. ముక్కలు సగం పోయిన గేమ్‌ని హైదరాబాద్ దాకా మోసుకెళ్లడం నా దృష్టిలో శుద్ధ దండగ.

నకిలీ సరుకు కూడా ఇక్కడే ఆగిపోవాలి. స్టేషనరీ షాపుల్లో, తీర్థాల్లో దొరికే బంగారు రంగు పోకెమాన్ కార్డులున్నాయే, అవి నకిలీవి, ఎంత మెరిసినా సరే. మామూలు కార్డుల్లో అనుమానం ఉంటే ఫోన్ టార్చ్ వెలుగు కార్డు వెనక పెట్టి చూడండి, చవక నకిలీల్లోంచి వెలుగు బాగా బయటికి వస్తుంది, అసలు కార్డులో మధ్యన నల్లటి పొర ఉంటుంది కాబట్టి అంతగా రాదు. వెనక వైపు నీలం రంగు, అక్షరాల సైజు తెలిసిన అసలు కార్డు పక్కన పెట్టి పోల్చండి. కాపీ ప్రింట్ బోర్డ్ గేమ్స్ కూడా మన దేశంలో బాగానే తిరుగుతున్నాయి, అట్ట పల్చగా ఉండి ప్రింటు మసకగా ఉంటే అదే. ఒక్క నకిలీ బయటపడితే టేబుల్ మీద మిగతావన్నీ కూడా జనం అనుమానంగానే చూస్తారు.

2. అమ్మే దారి ఏదో తేల్చుకుని పర్మిషన్ తీసుకోండి

టికెట్ కొనుక్కుని లోపలికెళ్లి బ్యాగ్ తెరిచి అమ్మేస్తా అంటే కుదరదు. స్టాల్ డబ్బులు కట్టినవాళ్లు పక్కనే ఉంటారు, ఆర్గనైజర్లు ఒప్పుకోరు, సెక్యూరిటీ వాళ్లు గేటు దగ్గరే పెద్ద బ్యాగులు ఆపే అవకాశం ఉంది. ఈవెంట్ వాళ్లకి ముందే మెయిల్ పెట్టి మూడు విషయాలు అడగండి. సెకండ్ హ్యాండ్ అమ్మకానికి ప్రత్యేకంగా టేబుళ్లు ఉన్నాయా, ఉంటే అద్దె ఎంత, మనుషుల మధ్య చేతులు మారే అమ్మకానికి అభ్యంతరం ఉందా లేదా. జవాబు రాతలో ఉంచుకోండి, గేటు దగ్గర చూపించడానికి పనికొస్తుంది.

దారులు చాలానే ఉన్నాయి. సొంత స్టాల్ అనేది సరుకు బాగా ఉన్న నలుగురు కలిసి తీసుకుంటేనే కిట్టుబాటు, ఒక్కడు తీసుకుంటే అద్దె కట్టడానికే అమ్మాల్సి వస్తుంది. ఫ్లీ మార్కెట్ టేబుల్, అంటే సెకండ్ హ్యాండ్ సరుకు కోసమే వేసే టేబుల్ ఉంటే అన్నింటికన్నా అదే మంచిది. కొన్ని చోట్ల మన సరుకు వాళ్ల కౌంటర్లో పెట్టి అమ్మి, కమీషన్ పట్టుకుని మిగతాది మనకిస్తారు. అమెరికాలో 1968లో మొదలైన జెన్ కాన్ అనే గేమింగ్ కన్వెన్షన్‌లో పాత గేమ్స్‌కి వేలంపాట ఎప్పటి నుంచో ఉంది, అలాగే ఇలా కౌంటర్లో పెట్టి అమ్మే ఏర్పాటు కూడా ఉంది.

మ్యాథ్ ట్రేడ్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మనలాంటి దూరం వాళ్లకి ఇది భలే సరిపోతుంది. ఒక ఇరవై మంది తమ దగ్గరున్న గేమ్స్ లిస్టులో పెడతారు, ప్రతి ఒక్కరూ నా ఈ గేమ్‌కి బదులు వీటిల్లో ఏదొచ్చినా ఓకే అని రాస్తారు. అవన్నీ ఒక ప్రోగ్రామ్‌కి ఇస్తే అది గొలుసులు వెతుకుతుంది, మీది ఒకాయనకి, ఆయనది ఇంకొకరికి, వాళ్లది మీకు, అలాగ. ఇద్దరి మధ్య నేరుగా కుదరని మార్పిడి కూడా ముగ్గురు నలుగురి మధ్య కుదిరిపోతుంది. ఈవెంట్ రోజు అందరూ ఒక చోట చేరి చేతులు మార్చుకుంటారు, కొరియర్ ఖర్చే ఉండదు. దీంట్లో తెలివి ఏటంటే పెద్ద పెట్టె పెట్టి చిన్న పెట్టెలు కోరుకోండి, డబ్బు రాకపోయినా బరువు తగ్గుతుంది, పైగా ఆ చిన్నవి మళ్లీ అక్కడే అమ్ముడుపోతాయి.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మీరు వాడుకున్న సొంత వస్తువులు ఎప్పుడో ఒకసారి అమ్ముకోవడం వ్యాపారం కాదు, దానికి జీఎస్టీ గొడవ లేదు. కానీ కొని అమ్మడమే పనిగా పెట్టుకుని తెలంగాణలో స్టాల్ వేస్తే అది వేరే కథ. రిజిస్టర్డ్ ఆఫీసు లేని రాష్ట్రంలో అలా అమ్మేవాళ్లకి క్యాజువల్ ట్యాక్సబుల్ పర్సన్ అని 90 రోజుల దాకా చెల్లే రిజిస్ట్రేషన్ ఉంటుంది, టర్నోవర్ తక్కువున్నా అది తీసుకోవాలి. ఆ స్టేజ్‌లో ఉన్నవాళ్లు ఒకసారి ఆడిటర్‌ని కలవండి.

3. ముక్కలు లెక్కపెట్టడం, తేమ వదిలించడం

దీనికి ఒక ఆదివారం పూర్తిగా పెట్టండి. పెట్టె వెనకో రూల్ బుక్ మొదటి పేజీలోనో ఏవేవి ఎన్నుండాలో లిస్టు ఉంటుంది, దాని ప్రకారం లెక్కపెట్టండి. కాటాన్ అయితే 19 భూమి పలకలు, 18 నంబర్ బిళ్లలు, 95 వనరుల కార్డులు, 25 డెవలప్‌మెంట్ కార్డులు, రంగుకి 15 రోడ్లు 5 ఇళ్లు 4 పట్టణాలు. టికెట్ టు రైడ్‌లో రంగుకి 45 రైలు పెట్టెలు కావాలి, కంపెనీ వాళ్లు 3 చొప్పున ఎక్స్‌ట్రా ఇస్తారు కాబట్టి ఒకటి రెండు పోయినా ఆటకి లోటుండదు, అది చీటీ మీద రాస్తే కొనేవాడికి ధైర్యం. ప్యాండెమిక్ గేమ్‌లో రోగాలకి గుర్తుగా వాడే చిన్న ఘనాలు 96. లెక్క అయ్యాక ఒక్కో రకాన్ని ఒక్కో జిప్ కవర్లో వేసి, అన్నీ కనపడేలా పరిచి ఫోటో తియ్యండి. అక్కడ టేబుల్ దగ్గర ఎవడూ 95 కార్డులు లెక్కపెట్టే టైం ఇవ్వడు, ఆ ఫోటోయే మీ మాటకి సాక్ష్యం.

మన సముద్రం గాలి సంగతి హైదరాబాద్ వాళ్లకి తెలియదు. వర్షాకాలం మొత్తం, మళ్లీ అక్టోబర్‌లో తుఫాన్లు, 2014లో హుద్‌హుద్ 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఎంతమంది ఇళ్లల్లో పుస్తకాలు పాడయ్యాయో మనం చూశాం. కార్డుల్లో మెరిసే ఫాయిల్ కార్డులే ముందు వంగుతాయి, కారణం ఏటంటే కాగితం పొర తేమ పీల్చి ఉబ్బుతుంది, ఫాయిల్ పొర ఉబ్బదు, అందుకే ఒక వైపుకి విల్లులాగ తిరుగుతుంది. వాటిని స్లీవ్‌లో, అంటే కార్డుకి తొడిగే ప్లాస్టిక్ కవర్లో వేసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్ని రోజులు పెట్టండి, మెల్లగా చదునవుతాయి. ఇస్త్రీ పెట్టె జోలికి అస్సలు పోవద్దు. పోకెమాన్, మ్యాజిక్ కార్డులు 63 బై 88 మిల్లీమీటర్లు, వాటికి 66 బై 91 స్లీవ్‌లు సరిపోతాయి. యూ-గి-ఓ కార్డులు కొంచెం చిన్నవి, 59 బై 86, వాటికి వేరే సైజు కొనాలి.

పెట్టెల మీద బూజు చుక్కలుంటే పొడి గుడ్డతో తుడిచి, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టండి, ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. ఇంకో ముఖ్యమైన మాట, పురుగు పట్టకుండా మన ఇళ్లల్లో కలరా ఉండలు వేస్తాం కదా, గేమ్స్ పెట్టెల్లో వెయ్యకండి. ఆ వాసన అట్టకి పట్టేసి నెలలు గడిచినా పోదు, పెట్టె తెరవగానే కొనేవాడు మూసేసి పక్కకి వెళ్లిపోతాడు.

కన్సోల్ అమ్ముతుంటే మీ అకౌంట్ తీసెయ్యండి. పీఎస్4 అయితే ముందు మీ అకౌంట్‌కి ఇది ప్రైమరీ పీఎస్4 అన్న సెట్టింగ్ డీయాక్టివేట్ చేసి, సెట్టింగ్స్‌లో ఇనీషియలైజేషన్‌కి వెళ్లి ఫుల్ అని ఎంచుకోవాలి, గంటలు పడుతుంది కాబట్టి బయల్దేరే రాత్రి మొదలుపెట్టకండి. స్విచ్ అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఫార్మాటింగ్ ఆప్షన్స్‌లో ఉంటుంది. తుడిచే ముందు గేమ్ నడుస్తున్న వీడియో ఒకటి తీసి పెట్టుకోండి, సీరియల్ నంబర్ కనపడేలా. స్విచ్ కంట్రోలర్ (జాయ్‌కాన్) స్టిక్ దానంతట అదే కదులుతోందా అని చూడండి, కదిలితే అది చెప్పి రేటు తగ్గించండి. బిల్లు ఉంటే తప్పకుండా పట్టుకెళ్లండి. వాడేసిన డిజిటల్ కోడ్‌లు ఉన్న గేమ్ అయితే అది కూడా చీటీ మీద రాయాలి.

4. రేటు, మూడు అంకెలు

అమెరికా సైట్లలో రేట్లు చూసి రూపాయల్లోకి మార్చుకుని ఆశపడకండి, అక్కడి లెక్క వేరు. ఈ రోజు మన దేశంలో కొత్తది ఎంతకి దొరుకుతోందో అది చూడండి, అదే మీ కొలత. నేను పెట్టేది ఇలా ఉంటుంది: అన్ని ముక్కలూ ఉండి శుభ్రంగా ఉంటే కొత్త రేటులో అరవై శాతం దరిదాపు, పెట్టె మూలలు నలిగితే సగం, ఏదైనా ముక్క లేకపోతే పావు నుంచి మూడో వంతు. ప్రింట్ ఆగిపోయి కొత్తది దొరకనిదైతే ఈ లెక్క వర్తించదు. దానికి అడుగుతున్న రేట్లు కాదు, నిజంగా అమ్ముడైన రేట్లు ఎక్కడైనా దొరికితే అవి చూడండి, ఎవడో లక్ష అని పెట్టుకుని ఏడాదిగా కూర్చున్నాడంటే అది రేటు కాదు.

ప్రతి వస్తువుకీ మూడు అంకెలు నోటుబుక్కులో రాసుకోండి. చీటీ మీద పెట్టేది, బేరంలో దిగే ఆఖరుది, చివరి సాయంత్రానిది. ఆ మూడోది ఎలా వేస్తారంటే, దీన్ని తిరిగి మోసుకెళ్లడం కన్నా ఎంతకిచ్చేస్తే నాకు హాయి అని మిమ్మల్ని మీరే అడగండి. బరువైనదానికి అది బాగా తక్కువ ఉంటుంది, కార్డులకి దాదాపు తగ్గదు, ఎందుకంటే కార్డులు తిరిగొచ్చినా జేబులో వస్తాయి. అంకెలన్నీ 50తోనో 100తోనో ముగియాలి, చిల్లర గోల తగ్గుతుంది.

హాట్ వీల్స్‌లో సూపర్ ట్రెజర్ హంట్ అనే అరుదైన రకం కారు ఉందేమో ఒకసారి చూసుకోండి, రబ్బరు టైర్లు, లోతుగా మెరిసే పెయింట్, బండి మీద ఎక్కడో టీహెచ్ గుర్తు ఉంటాయి. గుంపులో పడేసి మామూలు రేటుకి ఇచ్చేస్తే అది చూసిన కలెక్టర్ చెప్పకుండా పట్టుకెళ్లిపోతాడు.

చీటీ మీద లోపం పూర్తిగా రాయండి: "పెట్టె ఎడమ మూల నలిగింది, ఎర్ర రోడ్డు ఒకటి లేదు, కార్డులు స్లీవ్‌లో ఆడినవి." ఇలా రాసిన వస్తువు మీద బేరం తక్కువ ఆడతారు, అది మీరు చూస్తారు. స్టిక్కర్ నేరుగా అట్టకి అంటించకండి, తీసేటప్పుడు బొమ్మ లేచిపోతుంది. పెట్టెకి పల్చటి ప్యాకింగ్ ఫిల్మ్ చుట్టి చీటీ దాని కింద పెడితే చాలు.

5. రైలెక్కక ముందే సగం అమ్మెయ్యండి

ఈవెంట్‌కి మూడు నాలుగు వారాల ముందు, హైదరాబాద్ బోర్డ్ గేమ్ గ్రూపుల్లో, కార్డుల గ్రూపుల్లో ఫోటోలతో లిస్టు పెట్టండి, ఫలానా రోజు ఫలానా చోట చేతికిస్తా అని. ఒక వంద రెండొందలు టోకెన్ తీసుకోండి, టోకెన్ ఇవ్వని వాడి కోసం బరువైనది ఎత్తకండి, మొహమాటపడితే మీ భుజాలే పోతాయి. పెద్ద పెట్టెలన్నీ ఇలాగే పోవాలి, టేబుల్ మీదకి చిన్నవి మిగలాలి. బాగా పాపులర్ అయినవి రెండు మూడు మాత్రం లిస్టులో పెట్టకుండా టేబుల్ కోసం దాచండి, జనాన్ని ఆపేవి అవే.

6. ప్యాకింగ్, రైలు

మన అదృష్టం, విశాఖ ఎక్స్‌ప్రెస్, ఈస్ట్ కోస్ట్ లాంటివి ఆమదాలవలసలోనూ విజయనగరంలోనూ ఆగి నేరుగా పోతాయి, మధ్యలో మారే పని లేదు. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ మనిషికి 40 కేజీలు ఉచితం, సెకండ్ ఏసీలో 50. పెట్టె కొలత 100 బై 60 బై 25 సెంటీమీటర్లు దాటకూడదు, థర్డ్ ఏసీలో అయితే 55 బై 45 బై 22.5. 40 ఉంది కదా అని 40 నింపొద్దు, స్టేషన్ మెట్లెక్కి మెట్రోలోకో ఆటోలోకో ఎక్కించాల్సింది మీరే. ఒక ట్రాలీ బ్యాగు, వీపుకో బ్యాగు, అంతే.

గేమ్ పెట్టె లోపల ఖాళీ ఉంటే పాత పేపరు ఉండలు కుక్కండి, ముక్కలు కదలవు. కార్డులకి రబ్బరు బ్యాండు వెయ్యకండి, అంచు నొక్కుకుపోతుంది, కాగితం పట్టీ చుట్టండి. బైండరూ కన్సోలూ వీపు బ్యాగులో, నిద్రపోయేటప్పుడు తల కింద. హాట్ వీల్స్ ప్యాకులు నిలువుగా అట్టపెట్టెలో పేర్చండి, అట్ట వంగితే కలెక్టర్ ముట్టుకోడు.

7. టేబుల్ దగ్గర

ఇద్దరు కావాలి, ఒకరు మాట్లాడటానికి ఒకరు సరుకు మీద కన్నేసి ఉంచడానికి. ఒక్కరే అయితే పక్క టేబుల్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి, నువ్వు నాది చూడు నేను నీది చూస్తా అని. ఇంటి నుంచి ఒక ముదురు రంగు దుప్పటి తీసుకెళ్లి పరిస్తే పెట్టెలు కొట్టొచ్చినట్టు కనపడతాయి, ఖాళీ అట్టపెట్టెలు దుప్పటి కింద పెడితే మెట్లలాగ వస్తుంది. చిన్న పిల్లల కంటి ఎత్తులో కార్లు, పెద్దల కంటి ఎత్తులో గేమ్స్. ఖరీదైన కార్డులు మీ వైపు పెట్టుకుని అడిగితేనే చూపించండి, ఒకసారికి ఒక్కటే చేతికివ్వండి.

ఒక గేమ్ తెరిచి టేబుల్ చివర పెట్టండి, అయిదు నిమిషాల్లో నేర్పగలిగేది. ఆడుతున్న ఇద్దర్ని చూసి ఆగేవాళ్లు చాలామంది ఉంటారు, ఆగినవాళ్లే కొంటారు. హైదరాబాద్‌లో హిందీలో అడుగుతారు, తెలుగులో అడుగుతారు, ఏ భాషైనా రేటు రాసి ఉంటే సగం మాట మిగులుతుంది.

బేరం మన సంతల్లో చూసి పెరిగినవాళ్లమే, భయపడకండి. బోణీ బేరం మాత్రం పోనివ్వొద్దు, ఆఖరు రేటుకి కాస్త కిందైనా ఇచ్చెయ్యండి, టేబుల్ దగ్గర ఒక మనిషి డబ్బులిస్తూ కనపడితే ఇంకో ఇద్దరు వచ్చి నిలబడతారు. మొదటి గంటలో వచ్చేవాళ్లు కలెక్టర్లు, ఏం కావాలో తెలిసి వస్తారు, వాళ్ల దగ్గర తొందరపడి తగ్గించకండి. "లాస్ట్ ఎంత అన్నా" అని వస్తువు ముట్టుకోకుండానే అడిగేవాడికి చీటీ రేటే చెప్పండి, చేతిలో పట్టుకుని తిప్పి చూస్తున్నవాడితో అసలు బేరం మొదలవుతుంది. రేటు తగ్గించే బదులు కొసరు ఇవ్వండి, ఒక పాచికల జతో, స్లీవ్ ప్యాకెట్టో, మామూలు కార్డులు పదో. మీకు బరువు తగ్గుతుంది, వాళ్లకి సంతోషం.

చిన్నపిల్లలు ఒంటరిగా వచ్చి వెయ్యి రూపాయల కార్డు అడిగితే అమ్మకండి, అమ్మనో నాన్ననో తీసుకురా నాన్నా అనండి. అలాగే ఒక పిల్లాడు తన మంచి కార్డు తెలియక చవకగా మార్చుకుందామంటే దాని విలువ వాడికి చెప్పండి. ఈ ఒక్క విషయంలో నేను అస్సలు రాజీ పడను, ఆ పిల్లలు ఉంటేనే ఈ హాబీ ఇంకో పదేళ్లు ఉంటుంది.

8. డబ్బులు

వేల మంది ఒకే హాల్లో ఉంటే నెట్ నత్తనడక. క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి లామినేట్ చేయించి టేబుల్‌కి కట్టండి, రెండు వేర్వేరు నెట్‌వర్క్ సిమ్‌లు ఉంచండి. కొనేవాడు చూపించే స్క్రీన్ చూసి నమ్మొద్దు, మీ ఫోన్లో మీ బ్యాంకు మెసేజ్ గానీ యాప్ ఎంట్రీ గానీ కనపడ్డాకే వస్తువు చెయ్యి దాటాలి. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు, ఎవడైనా రిక్వెస్ట్ పంపి పిన్ కొట్టమంటే అది మోసమే. 50, 100 నోట్లు ఇంటి దగ్గరే మార్చుకుని రండి, క్యాష్ నడుముకి కట్టుకునే పౌచ్‌లో ఉంచండి, టేబుల్ మీద డబ్బాలో వద్దు.

9. చివరి సాయంత్రం

ఆఖరి రోజు మూసే ముందు రెండు మూడు గంటలు, ఇక్కడే చాలామంది వదిలేస్తారు. నోటుబుక్కులో మూడో అంకె ఇప్పుడు బయటికి తియ్యండి. చీటీలు కొట్టేసి కొత్త రేటు పెద్దగా రాయండి, రెండు కలిపి తీసుకుంటే ఇంత, ఈ అట్టపెట్టెలో ఏదైనా ఇంత అని గుంపులు కట్టండి, మామూలు కార్డులు వంద చొప్పున కట్టలు కట్టేయండి. ఆ టైంలో వచ్చేది కాలేజీ కుర్రాళ్లు, జేబులో మిగిలిన డబ్బుతో ఏదైనా పట్టుకెళ్దామని చూస్తుంటారు. చుట్టుపక్కల అమ్మేవాళ్లు కూడా అలసిపోయి ఉంటారు, వాళ్లతో మార్పిడికి ఇదే మంచి టైం, ఇక్కడ కూడా రూల్ అదే, పెద్దది ఇచ్చి చిన్నది పుచ్చుకోండి.

అప్పటికీ మిగిలితే బోర్డ్ గేమ్ కేఫ్ ఏదైనా తీసుకుంటుందేమో అడగండి. కూకట్‌పల్లి వైపు మన ఊరోళ్లు, చుట్టాలు ఎవరో ఒకరు ఉంటారు, మంచి రేటు రావాల్సిన పెట్టె ఒకటి రెండు వాళ్లింట్లో పెట్టి, గ్రూపులో లిస్టు మళ్లీ పెడితే కొనేవాడు వాళ్లింటికే వచ్చి తీసుకుంటాడు. ముందే అడిగి పెట్టుకోండి, రాత్రి పదింటికి బ్యాగుతో వెళ్లి తలుపు కొట్టడం బాగోదు.

రైల్లో పడుకునే ముందు నోటుబుక్కు తీసి ఏది ఎంతకి పోయింది, ఏది ఎంతమంది ముట్టుకుని వదిలేశారు, ఏది అడిగారు కానీ మన దగ్గర లేదు అని రాసెయ్యండి, ఇంటికొచ్చాక గుర్తుండదు. ఇల్లు చేరాక అటక కింద ఎక్కడో అమ్మేసిన గేమ్ ముక్క ఏదైనా దొరికితే ఆ గేమ్ కొన్నవాళ్లకి బేగి మెసేజ్ పెట్టి కవర్లో పోస్టు చెయ్యండి.